భవనాలు బాగున్నాయి, గ్రేడు బాగుంది, మరి విద్యార్థులకు సంతృప్తి ఎందుకు లేదు?

మేడమ్, మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీ విశ్వవిద్యాలయంలో అంతర్గత నాణ్యతా విభాగం బాధ్యత ఈ ఏడాది మీకు అప్పగించారు. కొత్త తరగతి గదులు కట్టారు, వైఫై పెట్టారు, వ్యాయామశాల తెరిచారు. అయినా విద్యార్థుల సంతృప్తి సర్వేలో మార్పు కనిపించలేదు. సంస్థలోని పని సంస్కృతి విద్యార్థుల సంతృప్తిని నిజంగా ప్రభావితం చేస్తుందా, చేస్తే ఎలా చేస్తుంది, మీ స్థాయిలో ఉన్నవారు దాన్ని ఏమైనా మార్చగలరా అని అడిగారు.

ప్రభావితం చేస్తుంది. భవనాల కంటే ఎక్కువగానే చేస్తుంది. కొత్త భవనం ఇచ్చే సంతోషం ఒక సెమిస్టర్‌లో అలవాటైపోతుంది. ఆఫీసు కౌంటర్ దగ్గర ఎదురైన అవమానం పట్టా చేతికి వచ్చాక కూడా గుర్తుంటుంది. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా, హాస్టల్ వార్డెన్‌గా, చివరి సంవత్సరాల్లో పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆ మూడు చోట్లా చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: విద్యార్థి ఏదో ఒక పని మీద మన దగ్గరికి వచ్చినప్పుడు మనం అతన్ని మొదట నమ్ముతామా, అనుమానిస్తామా? సంతృప్తిలో పెద్ద భాగం అక్కడే తేలిపోతుంది. మీ స్థాయిలో మార్చగలిగినవీ ఉన్నాయి. వాటి గురించి చివర్లో రాస్తాను.

పని సంస్కృతి కోసం ప్రవేశద్వారం దగ్గర చెక్కించిన లక్ష్యాల్లో వెతకకండి. కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటుకు మొదటి నెలలో పక్క సీటు సూపరింటెండెంటు ఏం నేర్పుతాడో చూడండి. "ముందు దరఖాస్తు రాయించు, ప్రిన్సిపాల్ సంతకం లేకపోతే తిప్పి పంపు, అడిగినదానికి వెంటనే బదులివ్వకు, అలవాటు పడతారు" అని నేర్పితే అతను ఉద్యోగంలో ఉన్నంత కాలం అదే చేస్తాడు. ఏ నిబంధనల పుస్తకంలోనూ ఇది రాసి ఉండదు. ఎవరూ ఆదేశించరు. అయినా అందరూ పాటిస్తారు.

పరీక్షల విభాగం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. విద్యార్థి పరీక్ష రాశాడు, ఫలితాల్లో గైర్హాజరు అని వచ్చింది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఇది జరుగుతూనే ఉంటుంది. హాల్‌టికెట్ నంబరులో ఒక అంకె తప్పుగా నింపి ఉండవచ్చు, బార్‌కోడ్ చిరిగి ఉండవచ్చు, జవాబు పత్రం వేరే సబ్జెక్టు కట్టలో కలిసిపోయి ఉండవచ్చు. నేను చూసిన ఒక విశ్వవిద్యాలయంలో ఆ అబ్బాయిని కాలేజీకి వెళ్లి లేఖ తెమ్మన్నారు, చలానా కట్టమన్నారు, రెండు వారాలయ్యాక రమ్మన్నారు. పరీక్ష రాశానని అతనే రుజువు చేసుకోవాలి. మరో విశ్వవిద్యాలయంలో సెక్షన్ అసిస్టెంటే లేచి వెళ్లి ఆ రోజు డి-ఫారం తీసి చూశాడు. పరీక్ష హాలులో విద్యార్థులు సంతకాలు పెట్టే పత్రం అది. సంతకం ఉంది కాబట్టి పత్రం వెతకాల్సిన పని తమదేనని ఒప్పుకుని, ఫోను నంబరు రాసుకుని పంపించాడు. రెండు చోట్లా నియమావళి దాదాపు ఒకటే, సిబ్బంది కొరత ఒకటే, జీతాలూ ఒకటే. మొదటి అబ్బాయి మూడుసార్లు బస్సెక్కాడు, రెండో అబ్బాయి ఒక్కసారే వచ్చాడు. మీ సర్వేలో "మీ విశ్వవిద్యాలయం పట్ల మీ అభిప్రాయం" అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఈ ఇద్దరికీ గుర్తొచ్చేది వ్యాయామశాల కాదు.

జవాబు పత్రాల విషయం ఇంకా ముఖ్యం. పరీక్ష రాసినవారికి తమ జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద ఉందని సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కూడా చాలా చోట్ల జిరాక్సు ఇవ్వడానికి అయిష్టత పోలేదు. మా విభాగంలో జవాబు పత్రాల నకళ్లు ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు సీనియర్లు చాలామంది వద్దన్నారు. దరఖాస్తులు కుప్పలు పడతాయని, ప్రతి ఒక్కరూ దిద్దిన అధ్యాపకుడి మీద గొడవకు వస్తారని వారి భయం. మొదటి రెండు సెమిస్టర్లు దరఖాస్తులు నిజంగానే పెరిగాయి. తర్వాత తగ్గాయి. తాము దిద్దిన పత్రం విద్యార్థి చేతికి వెళ్తుందని తెలిశాక మూల్యాంకనంలో జాగ్రత్త పెరిగింది. ఇంకొకటి కూడా గమనించాను. నకలు చూసుకుని "సార్, నేను రెండో ప్రశ్న సగమే రాశాను, ఆ మార్కులు సరైనవే" అని చెప్పి వెళ్లిన ఫెయిలైన విద్యార్థులు ఉన్నారు. మార్కు మారలేదు, అసంతృప్తి మాత్రం పోయింది. ఫలితం ప్రతికూలంగా వచ్చినా అది ఎలా వచ్చిందో కళ్లతో చూడగలిగితే మనిషి దాన్ని అంగీకరిస్తాడు. దాచిపెట్టినప్పుడే అన్యాయం జరిగిందని నమ్ముతాడు. మీ నివేదికలో ఏ ఒక్క సిఫారసుకైనా చోటుంటే దీనికే ఇవ్వమంటాను.

హాస్టల్ సంగతికి వస్తే, వార్డెన్ క్యాంపస్‌లో ఉంటాడా, మెస్ లెక్కలు విద్యార్థులకు చూపిస్తారా అన్న రెండు ప్రశ్నలతో చాలా తెలిసిపోతుంది. నెల ఖర్చును విద్యార్థుల సంఖ్యతో భాగించి బిల్లు వేసే మెస్సుల్లో గొడవ రుచి దగ్గర మొదలైనట్టు కనిపిస్తుంది, నిజానికి లెక్క దగ్గర మొదలవుతుంది. ఈ నెల బిల్లు ఎందుకు పెరిగిందో నోటీసు బోర్డు మీద సరుకుల వారీగా పెట్టిన నెలల్లో నా దగ్గరికి ఫిర్యాదులు చాలా తక్కువగా వచ్చేవి. కూర మాత్రం అదే కూర.

దీన్నే పెద్ద స్థాయిలో చూడాలంటే బాసర ట్రిపుల్ ఐటీలో 2022 జూన్‌లో జరిగింది గుర్తు తెచ్చుకోండి. పదో తరగతి పాసైన గ్రామీణ విద్యార్థులను మార్కుల ఆధారంగా చేర్చుకుని ఆరేళ్ల సమీకృత కోర్సు చెప్పడానికి 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పెట్టిన సంస్థ అది. పదిహేను పదహారేళ్ల వయసులో వచ్చినవారికి ఆ క్యాంపసే ఇల్లు. అక్కడ విద్యార్థులు 12 డిమాండ్లతో దాదాపు వారం రోజులు ఎండలో, వానలో బయట కూర్చున్నారు. విద్యాశాఖ మంత్రి వచ్చి మాట్లాడాక విరమించారు. వారు అడిగినవాటిలో మంచి భోజనం ఉంది, ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, యూనిఫారాలు ఉన్నాయి, అధ్యాపకుల నియామకం ఉంది. వాటితోపాటు పూర్తికాలపు వైస్ ఛాన్సలర్ కావాలని గట్టిగా అడిగారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇదే. తమ మాట విని, నిర్ణయం తీసుకుని, దానికి బాధ్యత వహించే మనిషి క్యాంపస్‌లో లేకపోవడమే తమ మిగతా సమస్యలకు మూలమని టీనేజీ పిల్లలు గుర్తించారు. పాలన గురించి ఎన్నో నివేదికలు చదివాను, ఇంత స్పష్టమైన మాట అరుదుగా కనిపించింది.

ఇన్‌చార్జిల పాలన మన సంస్థలను ఎంత దెబ్బతీసిందో బయటివారికి తెలియదు. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలా వరకు 2019 మధ్య నుంచి 2021 మే వరకు పూర్తికాలపు వీసీలు లేరు. మళ్లీ 2024 మే 21న పది విశ్వవిద్యాలయాల వీసీల పదవీకాలం ఒకేసారి ముగిసింది, కొత్త నియామకాలు చాలా వరకు అక్టోబరులో జరిగాయి. ఆ మధ్యకాలంలో ఐఏఎస్ అధికారులు ఇన్‌చార్జిలుగా ఉన్నారు. సమర్థులే కావచ్చు, కానీ వారికి సచివాలయంలో వేరే శాఖలు కూడా ఉంటాయి. రోజువారీ సంతకాలు జరుగుతాయి, దీర్ఘకాలిక నిర్ణయాల ఫైళ్లు "కొత్త వీసీ గారు వచ్చాక" అన్న మాటతో ఆగిపోతాయి. అలా రెండుసార్లు జరిగితే సిబ్బందికి ఒక పాఠం అబ్బుతుంది: ఏ నిర్ణయమూ తీసుకోకపోవడమే క్షేమం. వీసీ వచ్చిన తర్వాత కూడా ఆ పాఠం పోదు. ఆ తర్వాత చేరిన విద్యార్థులకు దాని చరిత్ర తెలియదు, కౌంటర్ దగ్గర ఎవరూ తేల్చి చెప్పరన్న సంగతి మాత్రం తెలుస్తుంది.

ఇక అధ్యాపకుల సంగతి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పాఠాల భారం చాలా వరకు ఒప్పంద, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీదే ఉంది. పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. దీని గురించి రాసేవారు బోధన నాణ్యత గురించే రాస్తారు. నాకు కనిపించిన నష్టం వేరే. వచ్చే ఏడాది రెన్యువల్ అవుతుందో లేదో తెలియని అధ్యాపకుడు విద్యార్థి తరఫున ఆఫీసులో గట్టిగా మాట్లాడలేడు. ప్రయోగశాలలో పరికరం పనిచేయడం లేదని రాతపూర్వకంగా ఇవ్వలేడు. నా విభాగంలో అద్భుతంగా పాఠం చెప్పే ఒక పార్ట్‌టైమ్ అధ్యాపకుడు ఉండేవారు. విద్యార్థులకు ఆయనంటే ప్రాణం. అయినా ఆయనకు విభాగం సమావేశంలో కుర్చీ ఉండేది కాదు. విద్యార్థుల ఇబ్బందులన్నీ తెలిసిన మనిషికి వాటిని చెప్పే వేదిక లేదు. వేదిక ఉన్నవారికి ఆ ఇబ్బందులు తెలియవు. విద్యార్థిని గౌరవించమని అధ్యాపకుడికి చెప్పే సంస్థ ముందు అధ్యాపకుడిని గౌరవించాలి. ఒప్పంద అధ్యాపకులను విభాగం సమావేశాలకు పిలవడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, విభాగాధిపతి అనుకుంటే చాలు. మా విభాగంలో ఆ పని చేశాక మొదటి సమావేశంలోనే ప్రయోగశాల గురించి బయటపడిన విషయాలు అప్పటివరకు మాకు ఎవరికీ తెలియవు.

ప్రైవేటు సంస్థల్లో సమస్య రూపం వేరు. అక్కడ పనులు వేగంగా అవుతాయి, ఆఫీసులో స్పందన ఉంటుంది, ఫలితాలు సమయానికి వస్తాయి. వాటికి తగిన మంచి పేరు ఇవ్వాలి. కానీ కొన్ని చోట్ల ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీ పద్ధతే డిగ్రీలోనూ కొనసాగుతుంది. ఫోన్లు తీసేసుకోవడం, చిన్నదానికీ జరిమానా, అబ్బాయిలు అమ్మాయిలు మాట్లాడుకుంటే తల్లిదండ్రులకు ఫోను, బాలికల హాస్టల్‌కు మాత్రమే సాయంత్రం తాళం. తల్లిదండ్రులు దీన్ని క్రమశిక్షణ అని మెచ్చుకుంటారు. తల్లిదండ్రుల సంతృప్తి, విద్యార్థుల సంతృప్తి రెండూ ఒకటి కావు. ఫీజు కట్టేది తల్లిదండ్రులు కాబట్టి సంస్థ వారి సంతృప్తినే చూసుకుంటుంది. ఇరవై ఏళ్ల మనిషిని పన్నెండేళ్ల పిల్లవాడిలా చూసే చోట విద్యార్థులు చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని వెళ్లిపోతారు. పూర్వ విద్యార్థుల సమావేశానికి పిలిస్తే రారు.

సర్టిఫికెట్ల విషయం విడిగా చెప్పాలి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని విద్యార్థి ఒరిజినల్స్ ఆపేయడం మన రెండు రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టం చేసింది. కాలేజీల ఆర్థిక ఇబ్బంది అబద్ధం కాదు, బకాయిలు నిజంగానే పేరుకుపోతాయి. కానీ ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బుకు విద్యార్థిని జామీనుగా పట్టుకోవడం అన్యాయం. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడి, అప్పు చేసి సర్టిఫికెట్లు విడిపించుకున్న కుటుంబాలను నాకు తెలుసు. అలాంటి సంస్థ నాలుగేళ్లు ఎంత బాగా చదువు చెప్పినా ఆ చివరి వారమే గుర్తుంటుంది. అదే పరిస్థితిలో హామీ పత్రం రాయించుకుని సర్టిఫికెట్లు ఇచ్చేసిన కాలేజీలు కూడా ఉన్నాయి. వాటి బ్యాంకు ఖాతా ఏమీ నిండుగా లేదు.

ఇప్పుడు కొలత గురించి, ఎందుకంటే మీ అసలు పని అదే. ఉన్నత విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ 2017లో మార్చిన విధానంలో విద్యార్థుల సంతృప్తి సర్వేను చేర్చింది. 20 ప్రశ్నలకు 0 నుంచి 4 వరకు ఎంచుకోవాలి, 21వది విద్యార్థి తన మాటల్లో రాసేది. మీ యాజమాన్యం చూసేది మొదటి 20 ప్రశ్నల సగటును. మీరు 21వ ప్రశ్న జవాబులు ఒక్కొక్కటి చదవండి. కాలేజీ బస్సు వేళలు, మరుగుదొడ్డిలో నీళ్లు, ఇంటర్నల్ మార్కులు వేసే తీరు వంటి అసలు విషయాలు అక్కడే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ఇవి వెతికితే దొరకవు. అందులో ఉన్న అభిప్రాయ సేకరణ ఉద్యోగాలిచ్చేవారిది, విద్యారంగంలోని తోటివారిది. విద్యార్థిది కాదు.

సర్వేలో మంచి మార్కులు వచ్చినంత మాత్రాన నమ్మకండి. ఇంటర్నల్ మార్కులు అధ్యాపకుడి చేతిలో ఉండి, సర్వే లింకు తరగతి గదిలోనే తెరిపించి నింపించే చోట సంతృప్తి చాలా ఎక్కువగా వస్తుంది. అక్కడ ఆ అంకె భయాన్ని కొలుస్తుంది. ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉన్న క్యాంపస్ కూడా అంతే. నేను పరిశీలనకు వెళ్లిన చోట ఫిర్యాదుల రిజిస్టరు ఖాళీగా చూపించి గర్వపడితే, సాయంత్రం హాస్టల్‌కు వెళ్లి విద్యార్థులతో విడిగా మాట్లాడేవాణ్ణి. ఒక్కసారి కూడా చెప్పుకోవడానికి ఏమీ లేదన్న జవాబు రాలేదు.

ఇంకొక జాగ్రత్త: సంతృప్తి, చదువు రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. హాజరు పట్టించుకోకుండా, అడిగినవారందరికీ కండోనేషన్ (తక్కువ హాజరుకు మినహాయింపు) ఇచ్చేసి, ఇంటర్నల్స్ ధారాళంగా వేస్తే సర్వే బాగుంటుంది, విద్యార్థికి ఏమీ రాదు. కఠినంగా పాఠం చెప్పే అధ్యాపకుడికి ఆ ఏడాది తక్కువ మార్కులు వచ్చి, ఐదేళ్ల తర్వాత ఆయన పేరే అందరూ తలుచుకోవడం మామూలే. కాబట్టి చదువులోని కాఠిన్యాన్ని తగ్గించి సంతృప్తి పెంచమని ఎవరైనా మీకు చెబితే ఒప్పుకోకండి. తగ్గించాల్సింది ఆఫీసులోని కాఠిన్యం. అలాగే మొదటి తరం విద్యార్థులు ఎక్కువగా ఉన్న చోట అంచనాలే తక్కువగా ఉంటాయి. ఇంతకంటే మెరుగ్గా ఉండవచ్చని వారికి ఎవరూ చెప్పలేదు, అందుకే ఉన్నదానికే సంతృప్తి పడతారు. వారి అంకెను నగరంలోని విద్యార్థుల అంకెతో పోల్చి నిర్ణయాలు తీసుకోవడం తప్పు.

మీరు చేయగలిగినవి ఇవి. ముందు సర్వే పక్కన పెట్టి ఒక వారం పరీక్షల విభాగం కౌంటర్ దగ్గర కూర్చోండి. ఒక పనికి విద్యార్థి ఎన్నిసార్లు తిరుగుతున్నాడో లెక్క రాయండి: మెమోలో పేరు సవరణకు ఎన్నిసార్లు, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు ఎన్నిసార్లు, బకాయిలేవీ లేవని ఇచ్చే నో డ్యూస్ పత్రానికి ఎన్ని సంతకాలు. ఈ లెక్కతో ఎవరూ వాదించలేరు. సంస్కృతి మారాలి అని రిజిస్ట్రార్‌కు చెబితే వినరు, "నో డ్యూస్‌కు పదకొండు సంతకాలు కావాలి, వాటిలో ఆరింటికి ఆ విద్యార్థితో ఏ సంబంధమూ లేదు" అని కాగితం పెడితే వింటారు.

తర్వాత మీ సర్క్యులర్లు తీసి చూడండి. అన్నీ ఇంగ్లీషులోనే ఉంటే తెలుగులో కూడా ఇవ్వమని అడగండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థులు గడువులు దాటేది చాలాసార్లు నిర్లక్ష్యం వల్ల కాదు. సర్క్యులర్ అర్థం కాలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, అడగకుండా ఊరుకోవడం వల్ల.

మూడోది ఫిర్యాదుల కమిటీ. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో సిఫారసులతో నివేదిక ఇచ్చి, ఒక ప్రతి విద్యార్థికి పంపాలి. దానితో తృప్తి పడకపోతే విద్యార్థి 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఫిర్యాదుల మీద అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. కాగితం మీద కమిటీ మీ దగ్గర ఉండే ఉంటుంది. దాని పేరు, సభ్యుల ఫోను నంబర్లు హాస్టల్ నోటీసు బోర్డు మీద ఉన్నాయో లేదో చూడండి. గత నెలలో ఏ సమస్యలు తీరాయో, విద్యార్థుల పేర్లు లేకుండా, ప్రతి నెలా ప్రకటించండి. ఒక ఫిర్యాదు వల్ల నిజంగా పని జరిగిందని కనబడిన తర్వాతే రెండో విద్యార్థి నోరు విప్పుతాడు.

శిక్షణ పెట్టాలనుకుంటే డీన్‌లకు కాదు, సూపరింటెండెంట్లకు పెట్టండి. వీసీలు మూడేళ్లకు మారతారు, సూపరింటెండెంటు ముప్పై ఏళ్లు ఉంటాడు. వారిలో మంచి పనివారిని వెతికి, వారి పద్ధతినే మిగతావారికి చూపించండి. నేను చెప్పిన డి-ఫారం అసిస్టెంటు లాంటివారు మీ దగ్గర కూడా తప్పక ఉంటారు. వారికి ఇప్పటివరకు ఎవరూ ఒక్క మంచి మాట చెప్పి ఉండరు.

మీది క్యాంపసా, అనుబంధ కళాశాలలు కూడా మీ పరిధిలో ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. అనుబంధ కళాశాలలు ఉంటే లెక్క కొంచెం మారుతుంది. ఆ విద్యార్థుల్లో చాలామంది విశ్వవిద్యాలయం గడప తొక్కేదే సర్టిఫికెట్ల కోసం. వారికి విశ్వవిద్యాలయమంటే పరీక్షల టైమ్ టేబుల్, ఫలితాల వెబ్‌సైటు, ఒక కౌంటర్, అంతే. అలాంటప్పుడు పరీక్షల క్యాలెండర్ ఏడాది ముందే ప్రకటించి, వాయిదా వేయకుండా నిలబెట్టుకోవడం మీద మొదటి ఏడాది శ్రమంతా పెట్టండి. మీ జవాబు వచ్చాక, అనుబంధ కళాశాలల విద్యార్థుల నుంచి భయం లేకుండా అభిప్రాయాలు సేకరించిన పద్ధతి ఒకటి విడిగా రాస్తాను.